వెయ్యి గజాల గురిలో భూభ్రమణం: ఎంత, ఎటు, ఎప్పుడు సరిచేయాలి?

లాంగ్ రేంజ్ రైఫిల్ షూటింగ్ మొదలుపెట్టిన కొత్తలో ఎవరో ఒకరు ఈ మాట చెప్పి బెదరగొడతారు: "ట్రిగ్గర్ నొక్కాక తూటా వెళ్ళి తగిలేలోపు కింద భూమి తిరిగిపోతుంది, తెలుసా?" ఆ మాటలో అబద్ధం లేదు. కానీ ఎంత తిరుగుతుందో మాత్రం చెప్పరు. వెయ్యి గజాల దగ్గర మామూలు .308 (0.308 అంగుళాల తూటా) రైఫిల్‌తో కొడితే, ఆ తేడా స్కోప్ మీద ఒక్క క్లిక్, అంటే గురి సరిచేసే చక్రం మీద ఒక్క గాటు. కొన్నిచోట్ల అదీ ఉండదు.

మరి ఆ ఒక్క క్లిక్ కోసం ఇంత పెద్ద వ్యాసం ఎందుకు? ఆ క్లిక్ ఎటు తిప్పాలో తెలియక కొందరు రెట్టింపు తప్పు చేస్తారు. ఇంకొందరు గాలి అంచనాలో తాము చేసిన పొరపాటుని భూమి మీదికి నెట్టేస్తారు. లెక్క ఒకసారి చేతికి వస్తే ఈ రెండు బాధలూ ఉండవు. పైగా ఇది ఎనిమిదో తరగతి గుణకారం కంటే కష్టమేమీ కాదు.

ఇక్కడ చెప్పేదంతా లైసెన్స్ ఉన్న రైఫిల్‌తో, అనుమతి ఉన్న రేంజ్‌లో, కాగితం లేదా ఇనుప టార్గెట్ల మీద చేసే క్రీడ గురించే.

ముందు ఒక అపోహ తీసేద్దాం

హైదరాబాద్ అక్షాంశం దగ్గర నేల తూర్పుకి సెకనుకి సుమారు 440 మీటర్ల వేగంతో పోతుంటుంది. "మరి 1.7 సెకన్లలో టార్గెట్ ముప్పావు కిలోమీటరు జరిగిపోవాలి కదా?" అని అడిగేవాళ్ళున్నారు. జరగదు. కదులుతున్న రైల్లో ఎదురు సీట్లో ఉన్నవాడికి వేరుశనక్కాయ విసిరితే అది వాడి చేతిలోనే పడుతుంది, వెనక బోగీలో పడదు. రైలు వేగం కాయకీ ఉంది, వాడికీ ఉంది. అలాగే రైఫిల్, తూటా, గాలి, టార్గెట్ అన్నీ ఒకే వేగంతో తూర్పుకి పోతున్నాయి. శ్రీహరికోట నుంచి రాకెట్‌ని తూర్పుగా పంపినప్పుడు ఆ వేగం ఎంతో పనికొస్తుంది, ఎందుకంటే రాకెట్ చేరాల్సింది నేల మీద చోటుకి కాదు, కక్ష్యలోకి. మన టార్గెట్ మనతోపాటే వస్తోంది కాబట్టి ఆ వేగం మన లెక్కలోకి రాదు.

రైలు మలుపు తిరుగుతుంటే అప్పుడు తేడా కనిపిస్తుంది. మనకి కావాల్సింది ఆ మలుపు.

మొదటి మెట్టు: బొమ్మ మనసులో పడాలి

కుమ్మరి సారె తిరుగుతుండగా దాని మీద మధ్యనుంచి అంచుకి సున్నపు ముక్కతో తిన్నగా ఒక గీత గీయండి. మీ చెయ్యి తిన్నగానే కదిలింది. సారె ఆపి చూస్తే గీత వంకర. చెయ్యి వంకర తిరగలేదు, కింద సారె తిరిగింది.

ఇప్పుడు మీరు సరిగ్గా ఉత్తర ధ్రువం మీద పడుకుని, వెయ్యి గజాల (914 మీటర్ల) దూరంలో టార్గెట్ పెట్టుకున్నారనుకోండి. పైనుంచి చూస్తే భూమి అపసవ్యంగా, అంటే గడియారానికి ఎదురు దిశలో తిరుగుతోంది. తూటా తిన్నగా పోతుంది. అది చేరేలోపు టార్గెట్ మీ ఎడమకి కాస్త జరుగుతుంది. కాబట్టి తూటా కుడివైపు పడినట్టు కనిపిస్తుంది. మీరు ఎటు తిరిగి కొట్టినా ఇంతే, ఎందుకంటే మీ చుట్టూ ఉన్న నేలంతా తిరుగుతోంది.

ఎంత జరుగుతుంది? భూమి సెకనుకి 0.0000729 రేడియన్ తిరుగుతుంది. తూటా ప్రయాణం 1.7 సెకన్లు. దూరం 914 మీటర్లు. మూడూ గుణిస్తే 0.113 మీటర్లు, అంటే 11.3 సెంటీమీటర్లు. ఈ అంకెని "మూల అంకె" అని పిలుచుకుందాం. మిగతా లెక్క మొత్తం దీన్నుంచే వస్తుంది.

ధ్రువం నుంచి కిందికి వచ్చేకొద్దీ కాళ్ళ కింద నేల మెలి తిరగడం తగ్గుతుంది. భూమధ్యరేఖ దగ్గర ఆ మెలి సున్నా. 1851లో పారిస్‌లో ఫూకో తన లోలకాన్ని వేలాడదీసి చూపించింది ఈ మెలినే. అక్కడ లోలకం ఊగే తలం ఒక చుట్టు తిరగడానికి సుమారు 32 గంటలు పడుతుంది. అదే లోలకం హైదరాబాద్‌లో వేలాడదీస్తే దాదాపు 80 గంటలు పడుతుంది. మన అక్షాంశంలో పక్కతేడా ఎంత చిన్నదో ఈ ఒక్క పోలికతో తెలిసిపోతుంది.

మెలి తగ్గిన చోట ఇంకొకటి పెరుగుతుంది. పొద్దున్నే సూర్యుడు పైకి లేస్తున్నాడంటాం. నిజానికి లేస్తున్నది సూర్యుడు కాదు, తూర్పు దిగంతం కిందికి వంగుతోంది. ఆ దిగంతం వైపు ఉన్న మీ టార్గెట్ కూడా దాంతోపాటు కిందికి దిగుతోంది. అందుకే తూర్పుకి కొట్టిన తూటా టార్గెట్‌కి కాస్త పైన తగులుతుంది. పడమటి దిగంతం పైకి లేస్తోంది కాబట్టి పడమరకి కొట్టినది కింద తగులుతుంది. ఉత్తరానికో దక్షిణానికో తిన్నగా కొడితే ఈ ఎత్తుతేడా ఉండదు.

పక్కకి తిప్పేదాన్ని కొరియోలిస్ అంటారు. ఆ పేరు వెనకున్న ఫ్రెంచ్ గణితవేత్త 1835లో ఈ లెక్క రాసింది తుపాకుల కోసం కాదు, నీటి చక్రాల్లాంటి తిరిగే యంత్రాల కోసం. ఎత్తుని మార్చేదానికి ఎట్వష్ అనే హంగరీ శాస్త్రవేత్త పేరు స్థిరపడింది. తూర్పుకి పోయే ఓడలో గురుత్వం కాస్త తక్కువగా, పడమరకి పోయే ఓడలో కాస్త ఎక్కువగా కనిపించడాన్ని ఆయన లెక్క కట్టాడు. పేర్లు రెండు, తిరుగుడు ఒకటే.

రెండో మెట్టు: నాలుగు అంకెలు సేకరించండి

దూరం, తూటా ప్రయాణకాలం, అక్షాంశం, మీరు కొట్టే దిక్కు. ఈ నాలుగే.

ప్రయాణకాలం దగ్గర చాలామంది తప్పు చేస్తారు. దూరాన్ని మజిల్ వెలాసిటీతో, అంటే తూటా గొట్టం దాటేటప్పటి వేగంతో, భాగించేస్తారు. 175 గ్రెయిన్ల బరువున్న .308 తూటా సెకనుకి 792 మీటర్ల (2600 అడుగుల) వేగంతో బయటికొస్తే, ఆ భాగహారం 1.15 సెకన్లు చూపిస్తుంది. కానీ గాలి దాన్ని దారంతా నెమ్మది చేస్తుంటుంది. అసలు సమయం 1.7 సెకన్లకి దగ్గరగా ఉంటుంది. ఈ అంకెని తూటా దారి లెక్కకట్టే ఏ బాలిస్టిక్ యాప్ అయినా పట్టికలో చూపిస్తుంది, అక్కడినుంచే తీసుకోండి.

అక్షాంశం ఫోన్ చెబుతుంది. ఒక డిగ్రీ అటూఇటూ అయినా ఏమీ కాదు.

దిక్కు కోసం రైఫిల్ పక్కన పెట్టుకుని ఫోన్ దిక్సూచి చూడకండి. ఆ ఇనుము దగ్గర అది ఏదో ఒకటి చూపిస్తుంది. మ్యాప్‌లో ఉపగ్రహ చిత్రం తెరిచి ఫైరింగ్ పాయింట్ నుంచి టార్గెట్ దాకా గీత గీసి కొలవడం మేలు. ఉత్తరం 0, తూర్పు 90, దక్షిణం 180, పడమర 270 డిగ్రీలు. ఐదు డిగ్రీల తప్పు వచ్చినా వెయ్యి గజాల దగ్గర సెంటీమీటరు లోపే తేడా, కాబట్టి దీనికి టెన్షన్ పడాల్సిన పని లేదు. రేంజ్ ఎటూ తన దిక్కు మార్చుకోదు. ఒకసారి కొలిచి నోట్‌బుక్‌లో రాసుకుంటే చాలు.

మూడో మెట్టు: పక్కతేడా

మూల అంకెని అక్షాంశపు సైన్‌తో గుణించండి. ఉత్తరార్ధగోళంలో కుడికి, దక్షిణార్ధగోళంలో ఎడమకి. దిక్కుతో సంబంధం లేదు. ఉత్తరానికో దక్షిణానికో కొడితేనే పక్కతేడా వస్తుందని చాలాచోట్ల రాసి ఉంటుంది. అది తప్పు. సారె బొమ్మ గుర్తు తెచ్చుకోండి.

పై రైఫిల్‌నే ఊరూరా తిప్పి చూద్దాం. ఇంగ్లండ్‌లోని బిస్లీలో 1890 నుంచి వెయ్యి గజాల పోటీలు జరుగుతున్నాయి. అక్షాంశం 51.3. సైన్ 0.78. తేడా 8.8 సెంటీమీటర్లు కుడికి. అమెరికాలోని ఒహాయోలో ఉన్న క్యాంప్ పెర్రీ దగ్గర 7.5. హైదరాబాద్ అక్షాంశంలో 3.4. కన్యాకుమారి దగ్గర 1.6. న్యూజిలాండ్‌లో వెలింగ్టన్ పక్కన ఉన్న ట్రెంథమ్ రేంజ్‌లో 7.4, కాకపోతే ఎడమకి.

స్కోప్ భాషలో చెప్పాలంటే, వెయ్యి గజాల దగ్గర 0.1 మిల్ క్లిక్ (మిల్ అంటే దూరంలో వెయ్యోవంతు) అంటే 9.1 సెంటీమీటర్లు. అంటే బిస్లీలో ఒక క్లిక్. హైదరాబాద్‌లో మూడోవంతు క్లిక్, టరెట్ (ఆ క్లిక్‌ల చక్రం) మీద చెయ్యి కూడా వెయ్యక్కర్లేదు.

నాలుగో మెట్టు: ఎత్తుతేడా, మనకి ముఖ్యమైనది

మూల అంకెని అక్షాంశపు కొసైన్‌తోనూ, దిక్కు కోణపు సైన్‌తోనూ గుణించండి. జవాబు ధనాత్మకమైతే తూటా పైన, రుణాత్మకమైతే కింద. దీనికి ఉత్తర, దక్షిణార్ధగోళాల తేడా లేదు. తూర్పు ఎక్కడైనా తూర్పే.

హైదరాబాద్ అక్షాంశంలో కొసైన్ 0.954. సూటిగా తూర్పుకి కొడితే 10.8 సెంటీమీటర్లు పైన, పడమరకి కొడితే 10.8 కింద. ఈశాన్యానికి, అంటే 45 డిగ్రీలకి, 7.6 పైన. బిస్లీ అక్షాంశంలో తూర్పుకి కొట్టినా 7.1 మాత్రమే.

అంటే మన దగ్గర పక్కతేడా కంటే ఎత్తుతేడా మూడు రెట్లు పెద్దది. లాంగ్ రేంజ్ గురించి మనం చదివే సమాచారం ఎక్కువగా అమెరికా, బ్రిటన్‌లలో 40, 50 డిగ్రీల అక్షాంశాల దగ్గర కూర్చుని రాసినది. అందుకే వాటిలో పక్కతేడాకే పెద్ద పీట. దాన్ని చదివి ఇక్కడ ఒక క్లిక్ ఎడమకి తిప్పితే, లేని తప్పు కొని తెచ్చుకున్నట్టు. టెక్సస్‌లో ఉన్న తెలుగువాళ్ళకి మాత్రం అక్షాంశం 30 డిగ్రీల చుట్టుపక్కల కాబట్టి రెండూ కాస్త కాస్త ఉంటాయి.

ఒక చిన్న గమనిక. ఇది చేతిలెక్క. తూటా దారిలో వేగం తగ్గడం వల్ల యాప్ మీ కంటే ఒకటి రెండు సెంటీమీటర్లు తక్కువ చూపించవచ్చు. గొడవ పడకండి, యాప్ మాటే వినండి. ఈ లెక్క అవసరం యాప్ చూపించిన దిశ సరైనదో కాదో పట్టుకోవడానికే.

ఐదో మెట్టు: దీన్ని దాని స్థానంలో పెట్టండి

నన్నడిగితే మొత్తం వ్యాసంలో ఇదే అసలైన మెట్టు. అదే రైఫిల్, అదే వెయ్యి గజాలు. భూభ్రమణం పది సెంటీమీటర్ల వ్యవహారం. మరి మిగతావి?

పక్కగాలిని గంటకి ఒక్క కిలోమీటరు తప్పుగా అంచనా వేస్తే సుమారు 15 సెంటీమీటర్లు. ఒక్క కిలోమీటరు! చెంపకి తగిలీ తగలని గాలి అది. అంత సూక్ష్మంగా గాలి చదవగలిగేవాళ్ళు అనుభవజ్ఞుల్లోనూ తక్కువే.

రైఫిల్ ఒక డిగ్రీ పక్కకి వాలితే 17, 18 సెంటీమీటర్లు. 100 గజాల జీరో (గురి పెట్టిన చోటే తూటా తగిలేలా స్కోప్ సరిచేసిన దూరం) నుంచి వెయ్యి గజాలకి స్కోప్‌తో గురిని దాదాపు 10 మీటర్లు పైకి ఎత్తుతాం కదా, ఆ పది మీటర్లు ఒక డిగ్రీ వాలితే అంత పక్కకి పోతుంది. స్కోప్ మీద నీటి బుడగ లెవెల్ లేకుండా కొరియోలిస్ గురించి మాట్లాడేవాళ్ళని చూస్తే నాకు నవ్వొస్తుంది. ముందు ఆ బుడగ కొనుక్కోండి.

మజిల్ వెలాసిటీ సెకనుకి మూడు మీటర్లు మారితే ఎత్తులో ఎనిమిది నుంచి పది సెంటీమీటర్లు. ఒకే డబ్బాలోని తూటాల మధ్యే ఇంతకంటే ఎక్కువ తేడా ఉండొచ్చు.

తూటా గిర్రున తిరగడం వల్ల వచ్చే పక్కజరుగుడు, స్పిన్ డ్రిఫ్ట్, సుమారు 24 సెంటీమీటర్లు. కుడి మెలి బ్యారెల్ అయితే కుడికి. ఇది భూభ్రమణంతో కలిసి వస్తుంది కాబట్టి రెంటినీ కలిపే లెక్కేసుకోవాలి. బిస్లీలో రెండూ కుడికే, మొత్తం 33 సెంటీమీటర్లు. ట్రెంథమ్‌లో ఒకటి కుడికి, ఒకటి ఎడమకి, మిగిలేది 17. ఒకే రైఫిల్‌ని విమానంలో వేసుకుని వెళ్ళి కొడితే 16 సెంటీమీటర్లు మారిపోతుందన్నమాట. రైఫిల్ చెడిపోయిందనుకుని స్కోప్ విప్పడానికి అది చాలు.

టార్గెట్‌తో పోల్చి చూసినా సంగతి తెలుస్తుంది. అమెరికన్ వెయ్యి గజాల టార్గెట్‌లో పది పాయింట్ల వలయం వ్యాసం 20 అంగుళాలు, అంటే సుమారు 51 సెంటీమీటర్లు. తొమ్మిది సెంటీమీటర్లు జరిగినా తూటా పదిలోనే ఉంటుంది. రైఫిల్‌ని ఆనుడు మీద పెట్టి కొట్టే ఎఫ్-క్లాస్ పోటీలో మాత్రం లోపలి ఎక్స్ వలయం ఐదు అంగుళాలే, అంటే మధ్యనుంచి అంచుకి 6.35 సెంటీమీటర్లు. అక్కడ ఒక క్లిక్ పాయింట్ల పట్టికలో కనిపిస్తుంది.

చిన్న దూరాలకి ఇదంతా మర్చిపోండి. 300 మీటర్ల రైఫిల్‌లో హైదరాబాద్ అక్షాంశం దగ్గర ఎత్తుతేడా సెంటీమీటరు లోపు, పది పాయింట్ల వలయం పది సెంటీమీటర్లు. 2012 లండన్ ఒలింపిక్స్‌లో మన గగన్ నారంగ్ కాంస్యం గెలిచిన 10 మీటర్ల ఎయిర్ రైఫిల్‌లో అయితే పక్కతేడా, ఎత్తుతేడా రెండూ వెంట్రుక మందం కంటే తక్కువ.

పెద్ద దూరాల్లో కథ తిరగబడుతుంది. దూరం రెట్టింపైతే ప్రయాణకాలం రెట్టింపు కంటే ఎక్కువే అవుతుంది, రెండూ గుణకారంలో ఉన్నాయి కాబట్టి తేడా నాలుగు రెట్లు దాటుతుంది. అమెరికాలో న్యూ మెక్సికోలోని రాటన్ దగ్గర "కింగ్ ఆఫ్ 2 మైల్స్" పోటీలో రెండు మైళ్ళు, అంటే 3219 మీటర్ల దాకా కొడతారు. తూటాకి ఆరు సెకన్లు పడుతుందనుకుంటే మూల అంకె 1.41 మీటర్లు. అక్కడి అక్షాంశానికి పక్కతేడా 85 సెంటీమీటర్లు. సూటిగా తూర్పుకైతే ఎత్తుతేడా మీటరు దాటుతుంది. అక్కడ ఈ లెక్క వెయ్యకుండా పడుకుంటే మొదటి గుండు వృథా.

ఆరో మెట్టు: యాప్‌లో పెట్టడం

అప్లైడ్ బాలిస్టిక్స్, స్ట్రెలాక్ లాంటి యాప్‌లలోనూ, కెస్ట్రెల్ గాలి మీటర్లలోనూ కొరియోలిస్ ఆప్షన్ ఉంటుంది. ఆన్ చేసి అక్షాంశం, దిక్కు ఇవ్వండి. దక్షిణార్ధగోళమైతే అక్షాంశం ముందు మైనస్ గుర్తు. స్పిన్ డ్రిఫ్ట్‌ని విడిగా ఆన్ చేయాలి, బ్యారెల్ మెలి దిశ కూడా ఇవ్వాలి.

తర్వాత ఒక పరీక్ష పెట్టండి. గాలి సున్నా చేసి, దిక్కు 90 ఇచ్చి ఎత్తు అంకె రాసుకోండి. దాన్ని 270 చేయండి. మన అక్షాంశంలో వెయ్యి గజాలకి రెండు క్లిక్‌ల కంటే కాస్త ఎక్కువ తేడా రావాలి. తూర్పుకి తక్కువ, పడమరకి ఎక్కువ. రాకపోతే ఆప్షన్ ఆన్ కాలేదు. తిరగబడి వస్తే దిక్కు తప్పుగా ఇచ్చారు. ఈ పరీక్షకి నిమిషం పట్టదు, ఇంట్లో కూర్చునే చేయొచ్చు.

ఏడో మెట్టు: రెండుసార్లు సరిచేయకండి

మీరు 100 గజాల దగ్గర జీరో చేసి, అక్కడినుంచి యాప్ చెప్పిన అంకెతో వెయ్యికి వెళ్తే, కొరియోలిస్ కలుపుకోవాలి. వంద గజాల దగ్గర దాని ప్రభావం మిల్లీమీటరు, అంతకంటే కాస్త అటూఇటూ. జీరోలో అది కలిసి ఉండదు.

అలా కాకుండా అదే రేంజ్‌లో, అదే దూరంలో సైటర్లు (స్కోరులోకి రాని పరీక్ష గుళ్ళు) కొట్టి, తగిలిన చోటు చూసి స్కోప్ సరిచేసుకుంటే, భూమి తిరుగుడు ఆ సవరణలో అప్పుడే చేరిపోయింది. మళ్ళీ కలిపితే తప్పు. పోటీల్లో లెక్కల్లేకుండా దశాబ్దాలుగా బాగా కొడుతున్నవాళ్ళ రహస్యం ఇంతే. వాళ్ళు కొరియోలిస్‌ని పట్టించుకోకపోవడం కాదు, సైటర్లతో తెలియకుండానే సరిచేసుకుంటున్నారు.

దీనికి సంబంధించి షూటర్లు చెప్పుకునే కథ ఒకటుంది. 1914 డిసెంబరులో ఫాక్‌లాండ్ దీవుల దగ్గర బ్రిటిష్ నౌకల ఫిరంగి గుళ్ళు ఎడమకి పడ్డాయని, వాటి సైట్లు ఉత్తరార్ధగోళం కోసం చేసినవని చెబుతారు. వినడానికి బాగుంటుంది, నమ్మడం కష్టం. నౌకా ఫిరంగులవాళ్ళు గుండు పడిన చోట లేచిన నీళ్ళు చూసి తర్వాతి గుండు సరిచేసేవాళ్ళు. అది కూడా సైటరే కదా.

ఎనిమిదో మెట్టు: కార్డు రాసుకోండి

యాప్ ఉన్నా రేంజ్ నోట్‌బుక్‌లో రెండు వరుసలు ఉండాలి. హైదరాబాద్ అక్షాంశంలో తూర్పుకి తిరిగిన ఒక రేంజ్ ఉందనుకుందాం. "వెయ్యి గజాలు. కొరియోలిస్ కుడికి 3, స్పిన్ కుడికి 24, మొత్తం 27 సెం.మీ.: మూడు క్లిక్‌లు ఎడమకి. ఎత్తు 11 సెం.మీ. పైన: ఒక క్లిక్ కిందికి." ఈ నాలుగు క్లిక్‌లూ ఆ రేంజ్‌లో ఆ దూరానికి స్థిరం. ఎండైనా వానైనా దాదాపు మారవు. ఇవి ముందే వేసేసుకుని, ఆ తర్వాత కంటిని పూర్తిగా జెండాల మీద, గడ్డి మీద, ఎండమావి అలల మీద పెట్టండి.

కొట్టి నిరూపించుకోవాలని మాత్రం చూడకండి. మంచి రైఫిల్ కూడా వెయ్యి గజాల దగ్గర పాతిక సెంటీమీటర్ల గ్రూప్ వేస్తుంది, అంటే గుళ్ళు అంత మేర చెదిరి పడతాయి. గాలి దాన్ని ఇంకా చెదరగొడుతుంది. ఐదు గుళ్ళు కొట్టి "ఇదిగో భూమి తిరగడం కనిపించింది" అంటే, మీరు చూసింది గాలినే.

రేంజ్ మారితే కార్డు మార్చండి. భూమధ్యరేఖ దాటి వెళ్తున్నారా, పక్కతేడా గుర్తు తిప్పండి, స్పిన్ గుర్తు తిప్పకండి, తూర్పు పడమరల వరుస అలాగే ఉంచండి. ఈ మూడూ విమానం ఎక్కకముందే, ఇంట్లో ప్రశాంతంగా ఉన్నప్పుడు రాసుకోండి. ఫైరింగ్ పాయింట్ మీద పడుకున్నాక, పక్కన టైమర్ నడుస్తుంటే, కుడి ఎడమలు ఎవరికైనా తారుమారవుతాయి.